చౌక

బ్లాక్ ఆఫీసు నుంచి కాగితమొచ్చింది:
పదిరోజులు, సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర,
పిల్లలతో పాటు టీచర్లూ నాట్యం నేర్చుకోవాలి.
స్టాఫ్‌రూములో ముందు నవ్విందాన్ని నేనే.
మోకాళ్ళకి ఆయింట్‌మెంటు ఎవరిస్తారో
అందులో రాయలేదేమన్నాను.

కాశీనగరంలో పంతొమ్మిదేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను.
నల్లబల్ల మీద ఒడియా, కసురుకోడానికి తెలుగు,
సవర పిల్లలకి మాత్రం
ఆ రెంటి మధ్యా మిగిలిన మౌనం.

పర్లాకిమిడి బస్సు దిగొచ్చాడు దుర్యోధన్ పాత్రో,
బక్కపలచని మనిషి, భుజాన మద్దెల.
చెప్పులు గుమ్మం బయట జతగా విడిచి
నేలకి దణ్ణం పెట్టాడు,
మేం రోజూ చాక్‌పీసు ముక్కలు పారేసే నేలకి.

"ముందు చౌక" అన్నాడు.
చౌకంటే మాకు తెలిసింది రేషన్ డిపో,
సంత ఎత్తేసే వేళ వంకాయల బేరం.
ఆయన మోకాళ్ళు రెండు పక్కలకీ వంచి,
చేతులు భుజాల ఎత్తున మడిచి
తనే ఒక చదరమైపోయాడు.

ఎన్ని వేల చదరాలు గీశానో నేను!
నాలుగు భుజాలూ సమానం, నాలుగూ లంబకోణాలు,
గీసిన చెయ్యే తుడిచేసేది.
చదరంలో నిలబడితే తొడలు వణుకుతాయని,
బరువు ఒక పక్కకి దొంగిలిస్తే
రెండో మోకాలు వెంటనే పట్టించేస్తుందని
పంతొమ్మిదేళ్ళలో ఒక్క పాఠంలోనూ చెప్పలేదు.
చెప్పడానికి నాకేం తెలుసు?

నాలుగోరోజు ఏడు దెబ్బల తాళం.
మూడూ రెండూ రెండూ,
కాగితమ్మీద నాకంత సులువైంది లేదు.
కాలికే కూడిక రాలేదు.
ఆరు దాటకుండానే నా పాదం తొందరపడి
దబ్బున దిగిపోయేది.
పిల్లలు నోళ్ళకి చేతులడ్డం పెట్టుకున్నారు.
పాత్రో కోప్పడలేదు.
తప్పు అనే మాట ఆయన సంచిలో ఉన్నట్టు లేదు.
"ఆఉ థరే" అనేవాడు,
ఇంకోసారి, అంతే,
మద్దెల మీద తాళం మళ్ళీ మొదట్నించీ.

సుంబరి సబర్, ఆరో తరగతి, కిటికీ పక్క ఆఖరి బెంచీ.
రిజిస్టర్లో తన పేరు పక్కన
పెన్సిలుతో నేనో చుక్క పెట్టుకున్నాను.
అడగడం దండగ, అని దాని అర్థం.
ఆ పిల్ల వరస దాటి వచ్చి నా ముందు గొంతుక్కూచుని
పారిపోయే కోడిపెట్టని పట్టినట్టు
నా చీలమండ పట్టుకుంది.

"టీచర్, ఇది ఎల్లకూడదు."
"మరేటి సెయ్యాలి?"
"ఏటీ సెయ్యకూడదు. ఊరుకోవాల.
ఏడోది కొట్టరు. ఉంటాది, అంతే."

ఊరుకున్నాను.
రేకుల కప్పు మీద చినుకులు,
వంశధార అవతలి గట్టున ఎవరిదో పంపుసెట్టు,
నా కాలు గాల్లో,
దాని కింద రెండు చిన్న చేతులు.
పడలేదు నేను.

పదోరోజు ప్రదర్శన వానకి సగం కొట్టుకుపోయింది.
పన్నెండు జతల గజ్జెలే దొరికాయి, నా వంతుకి రాలేదు.
ఆఖరి బస్సు కోసం
టీ సగంలోనే వదిలి వెళ్ళిపోయాడు పాత్రో.
ఆయింట్‌మెంటు నేనే కొనుక్కున్నాను.

సోమవారం, మూడో పీరియడు.
"సుంబరీ, ఏడెనిమిదులు?"
తను కిటికీలోకి చూసింది.
పక్కపిల్ల పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది,
పంతొమ్మిదేళ్ళ అలవాటు కదా,
ఆరో దెబ్బకే దిగిపోవడం.
ఆపాను. పాదం ఆపినట్టే ఆపాను.
ముందు బెంచీల్లో చేతులు లేస్తున్నాయి, గుసగుసలు.
బెంచీ కింద తన బొటనవేలు
నేలని తాకుతోంది, ఆగుతోంది, తాకుతోంది.

"యాభై నాలుగు."

కాదు.
రెండు తక్కువ.
కానీ ఆ గొంతు ఇలా ఉంటుందని
నాకిప్పుడే తెలిసింది.
ఆ సాయంత్రం చుక్కని రబ్బరుతో రుద్దాను.
పోయింది గానీ కాగితం అక్కడ పలచబడింది,
వెలుగుకి పెడితే కనిపిస్తుంది.

అది తర్వాతి సంగతి.
అప్పుడైతే చాక్‌పీసు కింద పెట్టి,
కొంగు నడుంలో దోపి,
మోకాళ్ళు కాస్త వంచి
"ఆఉ థరే" అన్నాను.